పక్కదుప్పటి

డులూత్‌లో ఓడ వస్తే వంతెన లేస్తుంది.
రోడ్డు ఉన్నపళంగా, పడుకున్నది పడుకున్నట్టే
లిఫ్టులా పైకి పోతుంది.
కార్లు వరసలో ఆగుతాయి.
ఆఫీసుకి ఆలస్యమైతే ఇక్కడ ఒక్క మాట చాలు:
"వంతెన లేచింది."
ఎవరూ మారు మాట్లాడరు.

నాకు ఆ సాకు లేదు.
పద్నాలుగు క్లినిక్కులు, రెండు ఆసుపత్రులు
రాత్రి పదికి తమ రోజంతా మోసుకొచ్చి
నా బ్యాకప్ సర్వర్ గుమ్మంలో దించుతాయి.
ఏది ఎక్కడ దాచామో రాసుకునే చిట్టా ఒకటి,
దాన్నే డేటాబేస్ అంటాం.
దాచిన సొత్తుకన్నా ఆ చిట్టా అంటేనే నాకు భయం.
అది పోతే ఉన్నదంతా ఉండీ లేనట్టే.

ఆరేళ్ళుగా రాశాం, కొట్టేశాం, మళ్ళీ రాశాం.
కొట్టేసిన చోటల్లా ఖాళీ.
ఖాళీ కూడా చోటు తింటుందని
ఈ ఉద్యోగంలోకి వచ్చాకే తెలిసింది.

నిరుడు ఫిబ్రవరిలో సర్వర్ ఆపేసి సర్దాం.
నాలుగు గంటలన్నాను మీటింగులో, తల ఎగరేసి.
పదమూడు పట్టింది.
తొమ్మిదో గంటలో
క్లొకే క్లినిక్‌లో ఒక డిస్కు చచ్చిపోయింది.
ఆనాటి మందుల చీటీలు
మా మూసిన తలుపు దాకా వచ్చి తిరిగి వెళ్ళాయి.
తర్వాత ఓ నర్సు కాగితాలు ముందేసుకుని
రెండు రోజులు కూర్చుని అన్నీ మళ్ళీ ఎక్కించింది.
నన్ను ఒక్క మాట అనలేదు.
అనుంటే బావుండేది.

టేపుల గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన వెయ్నో కోస్కెలా
మంచులో జారి తుంటి విరిగి
మా ఆసుపత్రిలోనే మూడో అంతస్తులో పడుకున్నాడు.
కమలాలు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను.
దుప్పటి మార్చడానికి నర్సు వచ్చింది.
ఆయన్ని దింపాలి కదా అని సాయానికి లేచాను.
దింపలేదు.
ఒక పక్కకి ఒత్తిగిలించింది,
పాతదాన్ని వీపు దాకా చుట్టింది,
ఖాళీ అయిన సగంలో కొత్తది పరిచింది,
ఆ మడత మీదుగా ఇవతలికి దొర్లించింది,
పాతది లాగేసి కొత్తదాని కొస గుంజి దోపింది.
ఈలోగా ఆయన చెబుతూనే ఉన్నాడు
గడ్డకట్టిన సరస్సుకి తూటు పెట్టి
ఎంత పెద్ద వాలై చేపని పట్టాడో.
వాక్యం ఎక్కడా తెగలేదు.
"హైమా, వింటున్నావా?"
లేదు, వినడంలేదు.

గడువు తీరినవన్నీ ముందు తీసేశాను. వారం.
చిన్న టేబుళ్ళు పట్టపగలే, అది పని చేస్తుండగానే.
ఇండెక్సులు రాత్రికొకటి.
మిగిలింది పెద్దది, తొంభై కోట్ల వరసలు.
దాని పక్కనే కొత్త చోట
నాలుగు రాత్రులు పరుస్తూ పోయాను,
పరుస్తుండగా వచ్చిన మార్పులు విడిగా రాసిపెట్టుకుంటూ.

ఎంతసేపు ఆపాలి అంది లోరీన్.
"ఆయన్ని దొర్లించేంతసేపు."
ఆవిడ నన్ను వింతగా చూసింది.
ఇరవై నిమిషాలని రాసుకోమన్నాను.

ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభై నాలుగు.
కిటికీలోంచి చూస్తే ఇనుప ఖనిజం ఓడొకటి కూత వేసింది,
వంతెన కూతతోనే బదులిచ్చి లేచింది.
నేనూ ఆపాను.
రాసిపెట్టిన చివరి మార్పులు పోశాను,
పాత పేరు కొత్తదానికి పెట్టాను, లెక్క సరిచూశాను,
అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను.
తలుపు తీశాను.
తొమ్మిది నిమిషాలు.
ఓడ తోక ఇంకా వంతెన కిందే ఉంది.

లాగ్‌లో మటుకు రెండు జతల వరసలున్నాయి.
రెండూ నలభై ఏడు: టూ హార్బర్స్ క్లినిక్ లాప్‌టాప్ తలుపు కొట్టింది. లేరు.
రెండూ యాభై ఏడు: మళ్ళీ కొట్టింది. పన్నెండు ఫైళ్ళు, అందాయి.
కోపం లేదు, నిష్ఠూరం లేదు, యంత్రం కదా.
ఆ పన్నెండింట్లో ఏముందో నాకు తెలీదు,
తెలియకూడదు కూడా.

సాయంత్రం కమలాలు కొనాలి.
ఆ చేప కథ నేను సగమే విన్నాను.